ఇసుక దాచిన నీరు: పెన్నేటి ఊటకాలువల చరిత్ర

నీరున్న చోట ఊరు వెలయునని పెద్దలందురు. ప్రపంచ చరిత్రలో గొప్ప నగరములనేకము నిండుగ పాఱు నదుల యొడ్డుననే పుట్టినవి. కాని సంవత్సరములో అధిక భాగము ఎండి యుండు ఏటి యొడ్డున గూడ ఊళ్ళు వెలసినవి, వందలకొలది యేండ్లు నిలిచినవి. పెన్న అట్టి యేరు. వానకాలమున కొన్నాళ్ళు ఎఱ్ఱనీరు పాఱును. తక్కిన దినములలో ఇసుక మాత్రమే కనబడును. పరిగి, రొద్దము మొదలగు గ్రామములవారు ఆ ఇసుకను చూచి నిరాశ చెందలేదు. నీరు పోలేదనియు, ఇసుక క్రిందికి దిగినదనియు వారెఱుగుదురు. ఈ కరవు సీమలో సేద్యము నిలుచుటకు ఆ యెఱుక ఎంతయో తోడ్పడినది.

సోమందేపల్లె పెనుకొండకు దక్షిణమున, హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు రహదారిపై నున్నది. 1882లో ఏర్పడిన అనంతపురము జిల్లాలో చిరకాలముండి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. పెన్న దీనికి పడమటి దిక్కున పాఱును. కర్ణాటకములోని నందికొండల చెంత పుట్టిన ఆ యేరు హిందూపురము ప్రాంతమున ఆంధ్రదేశమును ప్రవేశించి, మొత్తము 597 కిలోమీటర్ల పొడవున ప్రవహించి, నెల్లూరు జిల్లాలో సముద్రమున గలియును. దేవరాయనదుర్గము కొండలలో పుట్టిన జయమంగళి పరిగి ప్రాంతమున దానితో సంగమించును.

ఈ సీమలో ఏడాదికి సగటు వర్షము 550 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. అదియు కొలది దినములలోనే కురిసిపోవును. నేల క్రింద నున్నది 250 కోట్ల యేండ్లకు పూర్వపు గ్రానైటు, నైసు బండ. చెడని బండలో నీరు నిలుచుటకు పగుళ్ళు తప్ప వేఱు చోటు లేదు. పైన శిథిలమైన పొరలో కొంత నీరుండును గాని, ఆ పొర అన్ని చోట్ల మందముగా లేదు. కావున కురిసిన వానను పట్టి యుంచు పాత్ర యేది అనునదే ఈ సీమకు మొదటినుండి ముఖ్యమైన ప్రశ్న. చెఱువు ఒక పాత్ర. ఏటి ఇసుక రెండవ పాత్ర.

ఆ రెండవ పాత్రను సిద్ధము చేసినది ఈ బండయే. గ్రానైటులో ముఖ్యముగా ఫెల్డ్‌స్పార్, పలుగురాయి, అభ్రకము అను ఖనిజములు గలవు. వేలకొలది యేండ్లు ఎండకు కాగి, వానకు తడిసి, బండ చివుకగా ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్నగును. అభ్రకము రేకులుగ విడిపోవును. పలుగురాయి మాత్రము చెడక గింజలు గింజలుగ రాలును. ఏటి ఇసుకలో అధిక భాగము ఆ గింజలే. వరద వచ్చినపుడు ఇవన్నియు కలిసి కొట్టుకొని వచ్చును. నీటి వడి తగ్గగానే ముందు గుండ్రాళ్ళు, పిదప గులకరాళ్ళు, ఆపై ముతక ఇసుక, తరువాత సన్న ఇసుక దిగబడును. బంకమట్టి నీటితో కలిసి దూరము పోవును. కళ్ళములో రైతు తూర్పాఱబట్టునపుడు గాలి గింజను దగ్గఱగ, పొట్టును దూరముగ వేయును గదా! ఏటి నీరు చేయు పనియు అట్టిదే. ఇట్లు ఒక్కొక్క వరద ఒక్కొక్క పొరగా పఱచిన ఇసుకయే జలాశయమైనది.

గింజకును గింజకును నడుమ సందు గలదు. నూఱు పాళ్ళ ఇసుకలో ఇరువదియైదు మొదలు నలువది పాళ్ళ వఱకు ఈ సందే యుండును. వరద నీరు ఆ సందులలోనికి దిగి, క్రింది బండ అడ్డగించుటచే నిలుచును. బంకమట్టిలో మొత్తము సందు ఇంతకంటె నెక్కువగనే యుండవచ్చును. కాని ఆ సందులు మిక్కిలి సూక్ష్మములు గనుక నీరు మట్టినంటుకొని యుండునే కాని బావిలోనికి ఊరదు. ఇసుక అట్లు గాదు. నూఱు పాళ్ళలో సుమారు ఇరువది పాళ్ళ నీటిని అది త్రవ్వినవానికి విడుచును. నీరు నిలువయుండుట ఎంత ముఖ్యమో, అడిగినపుడు వచ్చుట అంత ముఖ్యము.

ఒక చిన్న లెక్క వలన ఇది తేటపడును. ఒక కిలోమీటరు పొడవు, 200 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల లోతు గల ఇసుక మేట యున్నదనుకొందము. అందలి ఇసుక 10 లక్షల ఘనపు మీటర్లు. అందులో ఐదవ వంతు నీరు విడివడినను 20 కోట్ల లీటర్లగును. మనిషికి దినమునకు 50 లీటర్ల చొప్పున, 5,000 జనాభా గల ఊరికి అది 800 దినములు సరిపోవును. ఆ ఇసుకనే తీసివైచినచో అదే వాన నీరు ఒకటి రెండు దినములలో పల్లమునకు పాఱిపోవును.

ఇసుకలోని నీటికి మఱియొక మేలు గలదు. చెఱువు నీటిని ఎండ నేరుగ త్రాగివేయును. ఇసుకలో రెండు మూడడుగుల క్రిందికి దిగిన నీటికి ఆ బాధ మిక్కిలి తక్కువ. పైగా ఇసుక మురికిని వడగట్టును. చెఱువు అడుగంటిన వేసవిలో స్త్రీలు ఏటిలో చెలమ తీసి, మొదటి మురికి నీటిని తోడి పాఱబోసి, తేటనీరు ఊరిన పిమ్మట కడవ నింపుకొనుట ఈ సీమలో తరతరముల ఆచారము.

పెన్న నీటి కొఱకు రాజులు సైతము శ్రమించిరి. విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల కాలమున, 1388 నాటి శాసనమొకటి గౌరిబిదనూరు తాలూకాలో లభించినది. పెనుకొండలో నుండిన రాజకుమారుడు బుక్కరాయలు, పెన్నను పెనుకొండకు తీసికొని రావలసినదని జలసూత్ర విద్య నెఱిగిన సింగాయభట్టు నాజ్ఞాపించెననియు, ఆతడు కల్లూడి నుండి సిరువెర చెఱువునకు కాలువ త్రవ్వించెననియు, దానికి ప్రతాప బుక్కరాయల పేరు పెట్టెననియు అందు గలదు. ఆఱు వందల యేండ్లకు పూర్వమే ఈ సీమలో నీటి విద్యకు ప్రత్యేక నిపుణులుండిరనుటకు ఇది సాక్ష్యము.

రాజుల కాలువలు కొన్నియే. గ్రామస్థులు స్వయముగ నిర్మించుకొన్న ఊటకాలువలు మాత్రము పెన్న, చిత్రావతి, వేదవతి నదుల పొడవున వెలసినవి. తుమకూరు జిల్లాలోని పావగడ, మధుగిరి తాలూకాలలో ఊటనీటి తావులను తలపరిగెలందురు. ఆంగ్లేయుల యేలుబడిలో డబ్ల్యు. ఫ్రాన్సిస్ రచించిన అనంతపురము జిల్లా గెజెటీరు 1905లో వెలువడినది. అందును ఈ ఊటకాలువల ప్రస్తావన కలదు.

ఊటకాలువ నిర్మాణము చూచుటకు సులభము, ఆలోచింపగా ఆశ్చర్యకరము. ఏటిలో ఎగువన ఇసుకను నీటిమట్టము క్రిందికి త్రవ్వుదురు. అచ్చటినుండి కాలువను ఏటి వాలుకంటె తక్కువ వాలుతో దిగువకు తెత్తురు. ఏరు కిలోమీటరుకు 3 మీటర్లు దిగుననియు, కాలువ 1 మీటరే దిగుననియు అనుకొందము. రెండు మీటర్ల లోతున మొదలిడిన కాలువ ఒక కిలోమీటరు పోవునప్పటికి ఏటి ఇసుక మట్టమును చేరును. ఆపై ఒడ్డునెక్కి పొలమునకు పాఱును. ఇందులో కపిల లేదు, ఎద్దు లేదు. నీరు తనంత తానే వచ్చును. ఇసుకలో నీటి నడకకు మట్టముల తేడాయే కారణమని ఫ్రాన్సులోని దిజోన్ నగరమున హెన్రీ డార్సీ అను ఇంజనీరు ప్రయోగములు చేసి 1856లో సూత్రము ప్రకటించెను. ఆ సూత్రము పేరు వినని రైతులు పార చేతబట్టి దానిని ఆచరణలో పెట్టియుండిరి.

ప్రతి వరదకును కాలువ పూడిపోవును. మరల త్రవ్వుట ఒక్కని వలన కాదు. ఆయకట్టు రైతులందఱు తమ భూమిని బట్టి మనుష్యులను పంపి పూడిక తీయుట కట్టుబాటు. దీనిని కుడిమరామత్తు అనిరి. నీటిని వంతుల చొప్పున పంచుటకు నీరుగంటి యుండెను. పనికి రాని వానికి నీటివంతు అడుగ మొగముండెడిది కాదు.

అన్నింటికంటె గమనింపదగినది మఱియొకటి. ఊటకాలువ తన అడుగు మట్టమునకు పైనున్న నీటిని మాత్రమే తీసికొనగలదు. మట్టము అంతకు దిగిన నాడు కాలువ ఆగును. క్రింది నీరు ఇసుకలో మిగులును. ఎవరును శాసింపకయే ఆశకు హద్దు ఏర్పడినది. కపిల బావికిని ఎద్దుల శక్తియే హద్దు. ఇరువదవ శతాబ్దపు ద్వితీయార్ధమున విద్యుత్తు పంపులు, ఆ పిమ్మట బోరుబావులు వచ్చి ఈ హద్దును చెఱిపివైచినవి. పంపులు మెట్ట భూములకు నీరు తెచ్చిన మాట నిజమే. కాని ఇసుకలోని మట్టము పడిపోగానే ఊటకాలువలెండినవి, కుడిమరామత్తు మాసిపోయినది. ఇసుక వట్టిపోగా రైతు బండ పగుళ్ళను వెదకుచు వందల అడుగులు దిగవలసి వచ్చెను. బోరు పడని రైతు అప్పుల పాలయ్యెను; పడిన చోట గూడ పెక్కు గ్రామములలో లోతునీటియందలి ఫ్లోరైడు పండ్లను ఎముకలను పాడుచేసెను.

నీరు పోయిన పిమ్మట పాత్రకే ముప్పు వచ్చినది. కాంక్రీటు కట్టడములు పెరిగిన కొలది ఏటి ఇసుకకు గిరాకి హెచ్చి, లారీలపై బెంగుళూరు వంటి నగరములకు తరలెను. వేలకొలది యేండ్ల వరదలు పఱచిన పొర కొలది యేండ్లలో తఱిగెను. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము బోర్లతో పాటు ఇసుక త్రవ్వకమును గూడ నియమములకు లోబఱచినది. భూగర్భజలమును కాపాడు చట్టములో ఇసుకకు చోటేల యని అడుగువారికి పై లెక్కయే సమాధానము.

ఇసుకను నమ్మిన వారికి ఫలము దక్కిన ఉదాహరణములు లేకపోలేదు. 1995లో ఆరంభమైన సత్యసాయి త్రాగునీటి పథకములో కొన్ని గ్రామములకు ఏటి ఇసుకలో దింపిన బావులనుండియే నీరందించిరి. ఆఫ్రికాలో కెన్యా దేశపు కితుయి ప్రాంతము కూడ వాగులన్నియు ఎండియుండు సీమయే. అచ్చటి ప్రజలు వాగులకడ్డముగ కట్టలు కట్టి, వరద తెచ్చు ఇసుకను నింపుకొని, దానిలోని నీటిని వేసవిలో త్రాగుచున్నారు. పెన్న ఊరక ఇచ్చిన దానిని వారు చెమటోడ్చి సంపాదించుకొనుచున్నారు.

సోమందేపల్లె పెన్న యొడ్డుననే లేదు గనుక ఈ చరిత్ర తనది కాదనుకొనరాదు. ఊరి చుట్టునున్న వంకలును బండ చివికిన ఇసుకనే మోయుచున్నవి. వాని ప్రక్కనున్న బావులు ఆ ఇసుకలో దిగిన నీటితోనే ఊరుచున్నవి. వంకలోని ఇసుక ఎత్తినవాడు ప్రక్క బావి నీటిని ఎత్తుకొనిపోయినట్లే. ఇసుకను కదలనీయకుండుట, వంకలకు అడ్డుకట్టలు వేయుట, నీటిమట్టము చూచి పైరు పెట్టుట, ఇవి ఊరు చేసికొనదగిన పనులు. గ్రంథాలయమున ఒక పుస్తకముంచి, నెలకొకమాఱు కొన్ని బావుల నీటిమట్టమును, కురిసిన వానను వ్రాసి యుంచినచో, పది యేండ్లలో అది ఏ గ్రంథమునకును తీసిపోని గ్రంథమగును. పూర్వులు ఊటకాలువ అడుగు చూచి హద్దు తెలిసికొనిరి. ఆ కాలువలు లేని నేడు ఆ హద్దును కాగితముపై వ్రాసికొని కాపాడుకొనుట గ్రామస్థుల వంతు.