అంతర్జాల తెలుగులో అక్షరదోషాలు – వైఖరులు

అంతర్జాలంలో తెలుగు రాసేటప్పుడు దొర్లే అక్షర, వ్యాకరణ దోషాలను అందరూ ఒకేలా చూడరు. యూనికోడ్ 1991లోనే తెలుగు లిపికి చోటిచ్చినా, చాలామంది నేటికీ ఇంగ్లీషు అక్షరాలు నొక్కుతూనే తెలుగు టైపు చేస్తారు. తప్పులకు పెద్ద మూలం ఇక్కడే ఉంది. ఇలా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో ‘త’కు టీ ఒక్కటే చాలు, హెచ్ చేరితే ‘థ’ వస్తుంది. పేర్లను టీహెచ్‌తో రాసే అలవాటున్నవారి చేతిలో లత కాస్తా ‘లథ’ అవుతుంది. ‘ళ’కు క్యాపిటల్ అక్షరం నొక్కాలి, తొందరలో మరిచిపోతే ‘కళ్లు’ ‘కల్లు’గా మారిపోతాయి. ‘అర్థం’ బదులు ‘అర్ధం’ రాయడం మాత్రం మీటల తప్పు కాదు, చేతిరాతలోనూ పాతుకుపోయినదే.

ఇలాంటివి కనబడగానే భాష పాడైపోతోందని నిలదీసేవారు కొందరు, భావం అందితే చాలనేవారు మరికొందరు. తెలుగు వికీపీడియాలో తప్పు చూసినవారే దిద్దవచ్చు గనుక అక్కడ వాదన కన్నా సవరణే సులువు. అన్నిటికన్నా అన్యాయమైన వైఖరి మాండలికాన్ని దోషంగా లెక్కగట్టడం. తెలంగాణ ‘వచ్చిండు’, కోస్తా ‘వచ్చాడు’ రెండూ తమ తమ వ్యాకరణానికి కట్టుబడినవే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి (1863–1940) పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ ‘వచ్చిండు’ను దిద్దబూనడం తగదు.