దిగబడ్డ బండికి ఒక వాక్యం, దాని టీక

వానాకాలం నల్లరేగడిలో ట్రాక్టరు దిగబడటం చూడని పల్లె ఉండదు. ఎవరింటినుంచో ఇనుప గొలుసు వస్తుంది, ఇంకో ట్రాక్టరు వస్తుంది, ఊరు ఊరంతా గట్టు మీద చేరుతుంది. కొండదారుల్లో జీపులు నడిపే కుర్రాళ్లూ ఇప్పుడు అదే పని, ఇంకా వేగంగా చేస్తున్నారు. వాళ్ల కోసం ఒక వాక్యం రాసుకున్నాను. పదం పదం విప్పి చెబితే తప్ప అందులో ఏముందో అందదు.

"దిగబడ్డ బండిని, పనిబరువు అచ్చుపడ్డ షాకిల్‌తో, సాగే బెల్టుతో, ఛాసిస్ కొక్కేనికి తగిలించి, తాడు వరసన మనిషి లేకుండా లాగు."

దిగబడ్డ: రోడ్డు మీద ఆగిపోయిన బండిని నలుగురు కలిసి నెట్టేస్తారు. బురద అలా వదలదు, పట్టి పీలుస్తుంది. బండ్లను వెలికితీయడానికి అమెరికా సైన్యం వాడే మోటు లెక్క ఒకటుంది. చక్రాల మేర దిగితే బురద పట్టు బండి బరువుకు సమానం, మడ్‌గార్డు దాకా దిగితే రెండింతలు, ఆపైన క్యాబిన్ దాకా అయితే మూడింతలు. అంటే రెండున్నర టన్నుల జీపు మడ్‌గార్డు దాకా కూరుకుంటే, లాగాల్సింది ఐదు టన్నులు. అందుకే మొదట చేతిలోకి రావలసింది పార. చక్రాల ముందు మట్టి తవ్వి, టైర్లలో గాలి తగ్గిస్తే ఆ ఐదు చాలా దిగివస్తుంది. అరగంట తవ్వుడు నామోషీ అనుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

పనిబరువు: లాగే సామానుకు రెండు అంకెలుంటాయి. ఒకటి తెగే బరువు, రెండోది పనిబరువు. అంత బరువు దగ్గర తెగుతుందని మొదటిది చెబుతుంది. రోజూ నమ్మకంగా ఎంత మోయించవచ్చో రెండోది చెబుతుంది. ముప్పావు అంగుళం షాకిల్ (యు ఆకారపు ఇనుప కొండీ) మీద సాధారణంగా నాలుగుముప్పావు టన్నులని ఉంటుంది, అది పనిబరువు. పేరున్న తయారీలో దానికి ఆరింతల దగ్గర, అంటే సుమారు 28 టన్నుల దగ్గర గానీ అది విరగదు. బెల్టుల మీద మాత్రం చాలాసార్లు తెగే బరువే రాస్తారు. ఒకదాని పనిబరువునూ ఇంకొకదాని తెగే బరువునూ పక్కపక్కన పెట్టి "రెండూ ఒకటేగా" అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

అచ్చుపడ్డ: ఇనుము మీదే అచ్చుకొట్టిన అంకె ఉండాలి. అంకె లేని షాకిల్ ఎంత ఓర్చుకుంటుందో ఎవరూ చెప్పలేరు. అంకె ఉన్నది కూడా నేరుగా లాగినప్పుడే అంత మోస్తుంది. అడ్డంగా, పూర్తిగా పక్కకు లాగితే సగానికి పడిపోతుంది.

సాగే: ఈ మాట దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను. నైలాన్ స్నాచ్ బెల్టు తన పొడవులో దాదాపు అయిదోవంతు సాగుతుంది, గొలుసు సాగదు. ఈ ఒక్క తేడాలో ఎంత ఉందో లెక్కేద్దాం. రెండున్నర టన్నుల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కదిలి తాడును బిగించిందనుకోండి. ఆ బండిలో ఉన్న శక్తి సుమారు 9,600 జౌళ్లు. తొమ్మిది మీటర్ల బెల్టు స్ప్రింగులా 1.8 మీటర్లు సాగి ఆ శక్తినంతా మింగితే, గరిష్ఠ లాగుడు టన్ను పైచిలుకే. గొలుసు పది సెంటీమీటర్లలోనే దాన్ని మింగాల్సి వస్తే ఇరవై టన్నుల దాకా వెళ్తుంది. బండి అదే, వేగం అదే. వేగం 20కి పెంచితే శక్తి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. గొలుసు కట్టి ఊపుతో లాగవద్దని చెప్పేది ఇందుకే.

మరి అన్నిటికన్నా గట్టి బెల్టే కొనొచ్చుగా అని అడుగుతారు. కొనకూడదు. రెండు బండ్లలో తేలికైన దాని నిండు బరువుకు రెండు మూడింతల తెగే బరువున్న బెల్టు చాలని ఆస్ట్రేలియా ఇసుకనేలల్లో బండ్లు లాగేవాళ్లు పాటిస్తారు. అంతకు మించితే బెల్టు సరిగా సాగదు, దెబ్బంతా కొక్కేల మీద పడుతుంది. ఏదో ఒకటి తెగాల్సి వస్తే బట్టలాంటి బెల్టు తెగాలి గానీ, ఇనుము విరిగి ఎగరకూడదు.

బెల్టుతో: ముడి వేయకూడదు, ముడి దగ్గర బలం దాదాపు సగమవుతుంది. రెండు బెల్టులు కలపాల్సి వస్తే మధ్యలో షాకిల్ పెట్టనే కూడదు. బెల్టు తెగిందంటే ఆ షాకిల్ రాయిలా ఎగురుతుంది. ఒకదాని కంటిలోంచి రెండోది దూర్చి, బిగుసుకుపోకుండా మధ్యన చుట్టిన పత్రిక పెట్టాలి.

ఛాసిస్ కొక్కేనికి: బండిని లారీ మీద కట్టి తీసుకెళ్లడానికి ఇచ్చిన చిన్న కన్నాలు లాగడానికి కావు. ట్రైలరు తగిలించే టో బాల్ అంతకన్నా ప్రమాదం. అది విరిగి తుపాకీ గుండులా దూసుకువెళ్లి ఆస్ట్రేలియాలో మనుషుల ప్రాణాలు తీసింది.

తాడు వరసన: విన్చ్ (బండికి బిగించిన, తాడు చుట్టి లాగే యంత్రం) ఉన్నవాళ్లు ధైర్యంగా ఉంటారు, ఊపు లేదు కాబట్టి. కానీ బిగిసిన తాడులో దాగిన శక్తి కంటికి కనబడదు. విన్చ్ మీద రాసిన బరువు కూడా డ్రమ్ము మీద మొదటి వరస చుట్టు ఉన్నప్పుడే. చుట్లు పెరిగేకొద్దీ లాగుడు తగ్గుతుంది. తాడును గిలకలోంచి తిప్పి మళ్లీ మన బండికే కడితే లాగుడు రెట్టింపవుతుంది. ఆ రెట్టింపంతా గిలక కట్టిన చెట్టూ, దాని షాకిలూ మోయాలి. దీన్ని చాలామంది మరచిపోతారు. వైర్ రోప్ బరువుంది కాబట్టి తెగితే కొరడాలా తిరుగుతుంది. సింథటిక్ తాడు తేలిక, తెగినా దెబ్బ తక్కువ. రాతి అంచూ, వేడీ మాత్రం దానికి శత్రువులు. ఏ తాడైనా మధ్యలో బరువైన దుప్పటి వేయాలి, తడిపిన గోనెపట్టా అయినా సరే.

మనిషి లేకుండా: గట్టు మీద చేరిన పిల్లలను ముందు పంపించాలి. తాడు ఎంత పొడవుందో దానికి కనీసం ఒకటిన్నర రెట్ల దూరానికి, రెండు పక్కలకూ. తాడు మీదుగా దాటేవాళ్లను బిగించకముందే ఆపాలి. డ్రైవర్లిద్దరూ సీట్లలో ఉండి, సైగ చేసే ఒక్కడు తాడు వరసకు పక్కన, దూరంగా, ఇద్దరికీ కనబడేలా నిలబడి చెయ్యి ఎత్తాక, అప్పుడు మొదటి గేరు.