పురి విడితే కుట్టు విడుతుంది: తోలు దారం పీచు లేవకుండా కాపాడే పనితనం

తోలు కుట్టు ఒక్కసారిగా తెగదు. ముందు దారం పీచు లేస్తుంది. పురి వదులై పోగులు విడిపోతాయి. తర్వాత ఒక్కొక్క పోగే తెగుతుంది. చెప్పు పట్టీ ఊడి చేతికొచ్చినప్పుడు మనం చూసేది ఆఖరి పోగు తెగడమే. ఆ తెగుడుకు కారణం చాలాసార్లు కుట్టిన రోజే, దారాన్ని తోలులోంచి లాగినప్పుడే మొదలై ఉంటుంది. దాన్ని ఆపడం ఎలాగో తోలుపని చేసేవారికి తెలుసు. ఆ తెలివిని ఇక్కడ వివరంగా రాస్తున్నాం. చెప్పులు కుట్టడాన్ని నైపుణ్యం అక్కర్లేని పనిగా లెక్కగట్టేవారికి జవాబు ఈ వివరాల్లోనే ఉంది.

మోట నుంచి ట్రాలీ బ్యాగు దాకా

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దాని విస్తీర్ణం 5,495 ఎకరాలు. అంతకు ముందు ఈ చుట్టుపక్కలవి సేద్యం మీద బతికిన ఊళ్ళు. తెలంగాణ పల్లెల్లో బావుల కింద మోట నడిచిన కాలంలో మోట తొండం, ఎడ్ల పట్టెడలు, చెప్పులు, డప్పు అన్నీ మాదిగల చేతుల్లోంచి వచ్చినవే. లందలో తంగేడు చెక్క వేసి తోలు ఊనడం, రంపెతో కోయడం, ఆరెతో పొడిచి కుట్టడం అంతా ఒకే వాడలో జరిగేది. ఆ కుట్టులో తోలు వారుదే పెద్ద పాత్ర. వారుకు పురి ఉండదు కాబట్టి పోగులు విడిపోయే బాధ లేదు. తడిపి లాగి కుడితే ఆరాక ఇంకా బిగుస్తుంది.

మోటను విమానాశ్రయం తీసేయలేదు. అంతకు చాలా ముందే కరెంటు మోటార్లు వచ్చాయి. ఫ్యాక్టరీ చెప్పులు వచ్చాక కొత్త జోళ్ళు కుట్టే పనీ తగ్గింది. మిగిలింది రోడ్డు పక్క మరమ్మతు. విమానాశ్రయం చుట్టూ ఉండే బతుకుల్లో ఆ మరమ్మతంటే బ్యాగు పట్టీ, ట్రాలీ బ్యాగు పిడి, సెక్యూరిటీ గార్డు బూటు, డ్రైవరు చెప్పు. తోలుతో పాటు రెక్సిన్, నైలాన్ పట్టీ కూడా కుట్టాలి. దారం కూడా నైలాన్, పాలిస్టర్ అయింది. ఆరె మాత్రం పాతదే. పీచు లేవకుండా చూడటమంటే ఈ పాత పనిముట్టుకూ కొత్త దారానికీ పొత్తు కుదర్చడమే.

దారం ఎందుకు పీచు లేస్తుంది

కారణాలు ప్రధానంగా నాలుగు. మొదటిది రాపిడి. రంధ్రం ఇరుకైతే దారం ప్రతిసారీ గీసుకుంటూ పోతుంది. రెండోది పొడవు. దారం ఎంత పొడుగైతే దాని కొస అన్నిసార్లు ఎక్కువ తోలులోంచి నడవాలి. మూడోది పురి విడిపోవడం. సూదిని లాగుతూ వేళ్ళ మధ్య ఒకే వైపు తిప్పుతుంటే పురి కొద్దికొద్దిగా వదులవుతుంది. నాలుగోది పనిముట్టు. అంచు గరుకైన ఆరె, సూది బెజ్జంలోని గరుకు దారాన్ని కోస్తాయి.

మన రోడ్ల మీద వాడే ఆరెకు కొన దగ్గర చిన్న గాటు ఉంటుంది. దాన్ని తోలులోంచి దింపి, కింద ఉన్న దారాన్ని గాటులో తగిలించి ఉచ్చులా పైకి లాగుతారు. రెండో కొసను ఆ ఉచ్చులోంచి దూర్చి బిగిస్తారు. ఇక్కడ అసలు ప్రమాదం గాటు దారం మొత్తాన్ని కాక కొన్ని పోగుల్నే పట్టుకోవడం. మిగతా పోగులు కిందే ఉండిపోయి చీలిపోతాయి. కుట్టు పైకి బాగానే కనిపిస్తుంది కానీ సగం దారమే బరువు మోస్తుంటుంది.

ఆపే పద్ధతి

దారం: రెండు సూదులతో కుట్టేటప్పుడు కుట్టు పొడవుకు సుమారు నాలుగు రెట్లు, సూదులు పట్టుకోవడానికి మరో జానెడు సరిపోతుంది. తోలు మందమైతే ఇంకొంచెం కావాలి. కుట్టు పొడుగైతే ఒకే దారంతో ఈడ్వడం కంటే మధ్యలో దారం మార్చడం మేలు.

మైనం: తేనె మైనం ఉండ మీద దారాన్ని నొక్కిపెట్టి రెండు మూడుసార్లు లాగాలి. తర్వాత గుడ్డ ముక్కలో పట్టి గట్టిగా రుద్దాలి. రాపిడి వేడికి మైనం మెత్తబడి పోగుల మధ్యకు ఇంకుతుంది. అది పోగుల్ని అంటిపెట్టి ఉంచుతుంది, దారం జారేలా చేస్తుంది, నీటినీ కొంత ఆపుతుంది. కొవ్వొత్తి మైనం పెళుసు. వంగిన చోట రాలిపోతుంది. యూరప్ చెప్పుల పనివాళ్ళు మైనంలో చెట్టు బంక కాచి కలిపేవారు. మైనం పూసిన దారమని అమ్మేదాన్ని కూడా వేళ్ళతో తడిమి చూసి, పొడిగా ఉంటే మళ్ళీ పూయాలి.

రంధ్రం: మైనం పట్టిన దారం చిన్న ప్రతిఘటనతో జారేంత ఉండాలి. మరీ పెద్దదైతే కుట్టు కదులుతుంది, ఆ కదలికే మళ్ళీ రాపిడి అవుతుంది. ఆరె కొన పదునుగా, పక్కలు నునుపుగా ఉండాలి. నూరాక తోలు ముక్క మీద సానపెట్టడం అందుకే. గాటు అంచుల్ని కూడా గోటితో తడిమి చూడాలి. గోరు గీసుకుంటే దారమూ గీసుకుంటుంది.

లాగడం: దారాన్ని రంధ్రానికి నేరుగా లాగాలి. వాలుగా లాగితే తోలు అంచు దారాన్ని కోస్తుంది. కొన్ని కుట్లకొకసారి దారాన్ని వేలాడదీసి పురి చూడాలి. వేళ్ళ మధ్య తిప్పినప్పుడు ఏ వైపు బిగుస్తుందో ఆ వైపు తిప్పి సరిచేయాలి. రెండు సూదుల కుట్టులో రెండో సూది మొదటి దారాన్ని గుచ్చకుండా చూసుకోవాలి.

కొస: చివర రెండు మూడు కుట్లు వెనక్కి కుట్టి దగ్గరగా కోయాలి. నైలాన్, పాలిస్టర్ కొసను మంటకు చూపితే కరిగి ముద్దవుతుంది. నూలు, నార దారాలు కరగవు, కాలుతాయి. వాటికి మైనం, వెనక కుట్టే దిక్కు. ఒక జాగ్రత్త: చెప్పుల జిగురులోని ద్రావకాలకు మంట ఇట్టే అంటుకుంటుంది. డబ్బా మూత పెట్టి, దూరం జరిపాకే లైటరు వెలిగించాలి.

ఈ తెలివికి విలువ ఎవరు కడతారు

ఇందులో పదార్థాల గుణం ఉంది, రాపిడి లెక్క ఉంది, వేడి లెక్క ఉంది. హైదరాబాద్‌లోనే రాయదుర్గంలో ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 2017 చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. అక్కడ పాదరక్షల తయారీ డిగ్రీ చదువు. రోడ్డు పక్కన కూర్చుంటే అదే తెలివి కులవృత్తి. కంచ ఐలయ్య తన 'పోస్ట్ హిందూ ఇండియా' పుస్తకంలో మాదిగల అధ్యాయానికి 'సబాల్టర్న్ సైంటిస్ట్స్' అని పేరు పెట్టింది ఈ తేడాను ప్రశ్నించడానికే.

చట్టాల్లో కొంత చోటుంది. 2014 వీధి విక్రేతల చట్టం సరుకు అమ్మేవారితో పాటు వీధిలో సేవలందించేవారినీ విక్రేతలుగానే గుర్తిస్తుంది. పట్టణ విక్రయ కమిటీల్లో కనీసం 40 శాతం మంది విక్రేతల ప్రతినిధులే ఉండాలి. చెప్పులు కుట్టేవారిని సర్వేలో వదిలేస్తే ఈ చట్టం చూపించి అడగొచ్చు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పుల పని ఒకటి. పనిముట్లకు రూ. 15,000 వరకు, శిక్షణ కాలంలో రోజుకు రూ. 500 ఇస్తారు.

కానీ ఆ పథకం కుటుంబ వారసత్వ వృత్తి అనే మాట మీద నిలబడింది. ఆ షరతు తీసేయాలని అడిగిన తమిళనాడు ప్రభుత్వం, ఉన్న రూపంలో పథకాన్ని అమలు చేయబోమని 2024లో చెప్పింది. 2025లో కుల వృత్తితో ముడిపెట్టని సొంత పథకం తెచ్చింది. తెలంగాణలో ఈ చర్చ ఇంకా గట్టిగా జరగాలి. తండ్రి ఆరె కొడుకు పట్టాలన్న షరతుతో ఇచ్చే సాయం ఒక చేత్తో పనిముట్టు ఇచ్చి, మరో చేత్తో వాడ గోడను ఎత్తు పెంచుతుంది.

మేం అడిగేది రెండు మాటలు. ఈ పని వద్దనుకున్న బిడ్డకు వేరే దారి తెరిచి ఉండాలి. ఈ పనిలో ఉన్న మనిషికి నైపుణ్యం గల కార్మికుడి కూలి, నీడ, గుర్తింపు కార్డు దక్కాలి. విద్యార్థులు క్షేత్ర పనికి వెళ్ళినప్పుడు ఎన్నేళ్ళుగా చేస్తున్నారు, ఎంత వస్తుంది అని అడిగి ఊరుకోవద్దు. ఏ దారం, ఏ మైనం, ఏ తోలుకు ఏ ఆరె అని కూడా అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. అలా రాసిన వివరాలు చేతిలో ఉంటే ఆ పనిని నైపుణ్యం లేని పని అని కొట్టేయడం అధికారులకు అంత తేలిక కాదు.