వడగాడ్పుల హెచ్చరికలు : భాగస్వాములతో మూల్యాంకన ప్రణాళిక

2015 మే నెలలో వీచిన తీవ్ర వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వేయిమందికి పైగా మరణించారు. తెలంగాణలో ప్రాణనష్టానికి గురైన ప్రాంతాలలో నాటి ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఉన్నాయి. ఆరుబయట శ్రమించే కూలీలు, వృద్ధులే అధికంగా బలయ్యారు. 2016లో రాష్ట్రానికి వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక రూపొందింది. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా నిర్ణయించింది.

ఎక్స్‌గ్రేషియా మరణానంతరం అందే సహాయం. ప్రాణం కాపాడవలసినది సకాలంలో అందిన హెచ్చరిక. అది అందినదీ లేనిదీ తేల్చుటకు మూల్యాంకనం అవసరం.

భాగస్వాములు ఎవరు?

అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రాలు 1999లో వెలువరించిన మూల్యాంకన విధానంలోని ఆరు దశలలో మొదటిది భాగస్వాములను కలుపుకొనడమే. ఈ జిల్లాలలో రెవెన్యూ, వైద్య, పంచాయతీరాజ్ అధికారులు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు, విలేకరులతో పాటు ఉపాధి పనుల మేట్లు, గొర్రెల కాపరులు, భవన నిర్మాణ కార్మికులు, తండాల పెద్దలు కూడా భాగస్వాములే. ఏ ప్రశ్నలు అడగవలెనో వారితో కలసి వేసవికి ముందే నిర్ణయించవలెను.

ఏమి పరిశీలించవలెను?

వాతావరణ శాఖ జారీచేసిన హెచ్చరిక కలెక్టరేట్, మండలం, గ్రామం దాటి పని ప్రదేశానికి చేరిన సమయాన్ని ప్రతి అంచెలోను నమోదు చేయవలెను. పంచిన కరపత్రాల సంఖ్య ప్రచారం జరిగినదని తెలుపునే కాని, ఫలితాన్ని తెలుపదు. పని వేళలు ఉదయానికి మారినవా, పనిచోట నీడ, త్రాగునీరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉన్నవా, వడదెబ్బ లక్షణాలను కూలీలు గుర్తించగలుగుతున్నారా అన్నవి అసలు కొలమానాలు. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల తండాలలో దండోరా లంబాడీ భాషలో వేయించినదీ లేనిదీ విచారించవలెను. చదువురాని వారి అభిప్రాయాన్ని ముఖాముఖిగా సేకరించవలెను.

మరణాల సంఖ్య ఒక్కటే ప్రమాణం కాజాలదు. ఉష్ణోగ్రతలు ఏటేటా మారును. మరణ కారణ నిర్ధారణలోను తేడాలుండును. కూలి పోవునన్న భయంతో ఎండలోనే పనిచేసిన వ్యక్తికి హెచ్చరిక అందలేదనుట సరికాదు. అట్టి చోట మార్చవలసినది ప్రచారం కాదు, పని నిబంధన.

ఫలితాల వినియోగం

మూల్యాంకన ఫలితాలను గ్రామసభలకు, పత్రికలకు తెలియజేసి, లోపం ఏ అంచెలో ఉన్నదో పేర్కొని, దానిని సరిదిద్దే బాధ్యతను, గడువును తదుపరి మార్చి నెలకు ముందే నిర్ణయించవలెను. అప్పుడే వచ్చే వేసవిలో హెచ్చరిక పొలం గట్టు వరకు చేరగలదు.