నెట్‌వర్కుకు కావలి

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచివేసెను. ఆ తుఫానులో పదివేలమంది వరకు మరణించినట్లు ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. గాలి ఉద్ధృతికి తంతి, టెలిఫోను స్తంభములు కూలి తీగలు తెగిపోయెను. వార్త నందించవలసిన సాధనమే మొదట నశించుటచే, నష్టమెంతటిదో బయటివారు తెలిసికొనుట ఆలస్యమయ్యెను.

ఆపదలో చిక్కినవాడే ఆపదను గూర్చి చెప్పవలసివచ్చినచో ఏమగునో దీనివలన తెలియును. కంప్యూటర్లతో వ్యాపారము సాగించువారికి ఈ చిక్కే చిన్న ప్రమాణములో నిత్యము ఎదురగుచుండును. గుడివాడలో ఒక బియ్యపు మిల్లు, మచిలీపట్నములో దాని కార్యాలయము, అవనిగడ్డలో ఒక గిడ్డంగి ఉన్నవనుకొందము. నిల్వల లెక్కలన్నియు గుడివాడలోని ఒక్క సర్వరునందే ఉన్నవి. అది ఆగినచో మూడుచోట్ల పని ఆగును. దానిని కనిపెట్టియుండుటకు తక్కువ ఖర్చులో దొరకు కావలి సాధనమేది? దీనికి సమాధానము ఆ సాధనముల చరిత్రలోనే కలదు.

1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్స్ పరిశోధనశాలలో నెట్‌వర్కు సరిగా పనిచేయకుండెను. అక్కడి మైక్ మూస్ అను ఇంజనీరు లోపమును వెదకుటకై ఒక చిన్న ప్రోగ్రామును వ్రాసెను. అది అవతలి కంప్యూటరుకు “ఉన్నావా?” అన్నట్లు ఒక సందేశమును పంపును, ప్రతిధ్వని వలె జవాబు తిరిగివచ్చువరకు పట్టిన కాలమును కొలుచును. జలాంతర్గాములను వెదకు సోనార్ చేయు శబ్దమును బట్టి దానికి ‘పింగ్’ అని పేరు పెట్టెను. నేడది దాదాపు ప్రతి కంప్యూటరులోను ఉచితముగా లభించుచున్నది.

పింగ్‌కు తెలిసినది ప్రాణమున్నదా లేదా అనుమాత్రమే. నాడి ఎట్లు కొట్టుకొనుచున్నదో చెప్పుటకు 1988లో ఎస్.ఎన్.ఎం.పి. అను నియమావళి వచ్చెను. దానితో పరికరములు తమ స్థితిని అంకెలలో చెప్పగలిగినవి. ఆ అంకెలను సేకరించి చూపుటకు పెద్ద సంస్థలు అమ్మిన ఓపెన్‌వ్యూ వంటి సాధనముల వెల చిన్న వర్తకులకు అందునది కాదు.

ఇక్కడ లేమియే మేలు చేసెను. ఇంగ్లండులోని లెస్టరు నగరమున డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయమునకు 1994లో బయటి ప్రపంచముతో ఉన్న సంబంధము సెకనుకు 64 కిలోబిట్ల తీగ ఒక్కటే. అది ఎంత నిండుచున్నదో అందరును తెలిసికొనగోరిరి. అక్కడ పనిచేయుచుండిన టోబియాస్ ఓటికర్ ప్రతి 5 నిమిషములకు లెక్క తీసి రేఖాచిత్రము గీయు ప్రోగ్రామును వ్రాసి, 1995లో అందరికిని ఉచితముగా ఇచ్చెను. అదియే ఎం.ఆర్.టి.జి.

5 నిమిషముల కొకటి చొప్పున దినమునకు 288, ఏడాదికి 1,05,120 అంకెలు పోగగును. అన్నింటిని దాచినచో ఫైలు పెరుగుచునే ఉండును. 1999లో ఓటికరే వెలువరించిన ఆర్.ఆర్.డి.టూల్‌లో పాత అంకెలు సగటులుగా కుదించబడును. ఫైలు పరిమాణము మారదు. లాకు వద్ద నీటిమట్టము వ్రాయువాడు నిన్నటి లెక్కను గంటల వారీగాను, నిరుటి లెక్కను నెలల వారీగాను ఉంచుకొన్నట్లే ఇది. ఇందులో ఒక మోసము లేకపోలేదు. 12 అంకెలకు ఒక సగటు తీసినప్పుడు మధ్యలో 5 నిమిషములు మాత్రమే పొంగిన ప్రవాహము కంటికి కనబడకపోవచ్చును.

1999లో ఈతన్ గాల్‌స్టాడ్ విడుదల చేసిన నెట్‌సెయింట్ 2002లో నాగియోస్ అను పేరు దాల్చెను. లాట్వియాకు చెందిన అలెక్సీ వ్లాడిషేవ్ జాబిక్స్‌ను 2001లో వెలువరించెను. ఇట్టివి వెల లేకయే దొరకుచుండగా, పై మిల్లు యజమానికి ప్రోగ్రాము ఖరీదు అసలు సమస్యయే కాదు. మూడుచోట్లకు ఒక పాత కంప్యూటరు చాలును. దానిని నేర్చి, అమర్చి, దాని మాట వినువాడొకడు కావలెను. నిజమైన ఖర్చు అతని కాలమే.

తరువాత, ఆ కావలి కంప్యూటరును ఎక్కడ ఉంచవలెను? సర్వరు ప్రక్కనే ఉంచుట చాలమంది చేయు పొరపాటు. గుడివాడలో కరెంటు పోయినచో కాచువాడును, కాచబడునదియు కలిసియే కన్నుమూయుదురు. మచిలీపట్నములో ఉంచినచో, అచ్చటి తీగ తెగినప్పుడు మిగిలిన రెండుచోట్లును చచ్చినట్లు కనబడును. ఈ భ్రమను తొలగించుటకే నాగియోస్‌లో ఏ పరికరము దేని వెనుక నున్నదో ముందుగా వ్రాసియుంచు ఏర్పాటు కలదు. అప్పుడది ‘పడిపోయినది’, ‘చేరరానిది’ అని వేరుచేసి చెప్పును. ఒక్కసారి జవాబు రానంతనే గంట కొట్టక, మరల మరల అడిగి చూచును.

మరి మచిలీపట్నపు కావలివాడే మూగవోయినచో? దానికి మందు జాబిక్స్‌లో ‘నోడేటా’ అను పేరుతో ఉన్నది. నిర్ణయించిన గడువులో ఏ అంకెయు చేరకున్న, ఆ మౌనమునే ప్రమాదముగా లెక్కించును. ఈ పరీక్ష వేరొక ఊరిలోని కంప్యూటరుపై నడవవలెను. అది పంపు హెచ్చరిక సైతము తెగిన ఇంటర్నెట్టు తీగ మీదుగా గాక, మొబైలు ఫోనుకు సంక్షిప్త సందేశముగా పోవలెను.