మనకంటె ముందు వచ్చిన మాట

ఆస్ట్రేలియావారి వాడుకభాషలో తమాషా మాటలకు కొదవ లేదు. అంతకంటె తమాషా, ఆ మాటలు ఎలా పుట్టాయో వాళ్ళు చెప్పే కథలు. పుకారును ఇక్కడ ‘ఫర్ఫీ’ అంటారు గదా! విక్టోరియాలోని షెపర్టన్‌లో జాన్ ఫర్ఫీ అనే ఆయనకు ఇనుప పోత కార్ఖానా వుండేది. ఆయన తయారుచేసిన నీళ్ళబండ్లకు ఆయన పేరు పెద్ద అక్షరాలతో పోతపోసి వుండేది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మెల్‌బోర్న్ దగ్గర బ్రాడ్‌మెడోస్ సైనిక శిబిరంలో ఈ బండ్లే నీళ్ళు మోశాయి. సిపాయిలు నీళ్ళు పట్టుకుంటూ, ‘మనల్ని ఫలానా చోటికి పంపుతారట’ అని బండి చుట్టూ చేరి చెప్పుకున్న కబుర్లకు ఆ బండిమీది పేరే వచ్చింది. మన పల్లెల్లో నూతిదగ్గర కబుర్లను ఎంతవరకు నమ్మవచ్చునో వీటినీ అంతవరకే నమ్మవచ్చు. జాన్ తమ్ముడు జోసెఫ్ ఫర్ఫీ 1903లో ‘సచ్ ఈజ్ లైఫ్’ అనే నవలను ‘టామ్ కాలిన్స్’ అనే మారుపేరుతో ప్రకటించాడు. ఆ రోజుల్లో, పుకార్లన్నిటికీ మూలపురుషుడని జనం కల్పించుకున్న మనిషి పేరు టామ్ కాలిన్స్! అన్న పేరూ, తమ్ముడి మారుపేరూ రెండూ పుకారు పాలే అయినాయి.

మందబుద్ధిని ‘డ్రాంగో’ అంటారు. అది 1920లలో ఒక పందెపు గుర్రం పేరు. 37 పందేలు పరుగెత్తి ఒక్కటీ గెలవలేదు. పాపం, 1923లో విక్టోరియా డెర్బీలో రెండో స్థానం తెచ్చుకున్నది. అయినా లోకం దాన్ని జ్ఞాపకం పెట్టుకోలేదు. గుర్రానికి ఆ పేరు ఒక పిట్టనుంచి వచ్చింది. మన పొలాల్లో గేదెల వీపులమీద సవారీ చేసే నల్లని ఏట్రింత ఆ కుటుంబంలోదే. తెలివికీ, తెగువకీ పెట్టింది పేరైన పిట్ట. గద్దను సైతం తరుముతుంది. దాని పేరు చివరకు ఎవరికి అంటుకున్నదో చూడండి.

ఈ దేశంలో తయారైన మొట్టమొదటి నిఘంటువు కూడా ఇటువంటి మాటలదే. దాన్ని కూర్చినవాడు పండితుడు కాడు, జేమ్స్ హార్డీ వాక్స్ అనే దొంగ. ఇంగ్లండు ప్రభుత్వం అతణ్ణి మూడుసార్లు ఇక్కడికి ద్వీపాంతరం పంపింది. 1812లో న్యూకాజిల్‌లో కఠినశిక్ష అనుభవిస్తూ, దొంగల భాషలోని మాటలకు అర్థాలు రాసి అక్కడి అధికారికి అంకితం చేశాడు. 1819లో లండన్‌లో అది అచ్చయింది. దొంగసొత్తుకు వాళ్ళు వాడిన ‘స్వాగ్’ అనే మాట తర్వాత ఇక్కడ దారిన పోయే కూలివాడి మూటకు పేరయింది. భాషకు పునాది దొంగలు వేశారని వెక్కిరించడానికి కాదు ఇది చెప్పడం. దొంగతనానికి సంబంధించిన ఒక మాటే ఈ వ్యాసానికి అసలు విషయం. ఆ మాట మన తెలుగు మాట.

దానికి ముందు కంగారూ సంగతి చెప్పాలి. కెప్టెన్ కుక్ ‘అదేమిటి?’ అని అడిగితే అక్కడివాడు ‘నాకు తెలియదు’ అన్నాడనీ, అదే కంగారూ అయిందనీ కథ. చక్కని కథేగాని నిజం కాదు. 1770లో కుక్ ఓడ మరమ్మతుకు ఆగిన ఎండెవర్ నదీతీరంలోని గూగు యిమిథిర్ భాషలో ‘గంగుర్రు’ అంటే ఒక పెద్ద కంగారూ జాతి. 1970లలో భాషాశాస్త్రజ్ఞుడు జాన్ హావిలాండ్ ఆ ప్రజల మధ్య ఆ భాషను అధ్యయనం చేసి ఈ సంగతి రూఢిచేశాడు. అయితే అసలు తమాషా సిడ్నీలో జరిగింది. 1788లో వచ్చిన ఆంగ్లేయులు, ఆ ఉత్తరాది మాటను సిడ్నీ ప్రాంతపు ప్రజల మీద ప్రయోగించారు. సిడ్నీవారికి ఆ మాట తెలియనే తెలియదు. అది ఇంగ్లీషు మాట కాబోలు అనుకున్నారు. ఓడలో దిగిన ఆవులను చూపిస్తే కోల్బీ అనే స్థానికుడు ‘ఇవి కంగారూలా?’ అని అడిగాడని వాట్కిన్ టెంచ్ అనే సైనికాధికారి రాశాడు. ఒకచోట విన్న మాటను మరొకచోట అంటగట్టడం ఆ తెల్లవారికి కొత్త కాదు. అలాగే సిడ్నీ చేరింది మన పందికొక్కు.

ఇంగ్లీషు ‘బాండికూట్’ తెలుగు ‘పందికొక్కు’ అని 1886లో వచ్చిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువు మొదలు ఈనాటి నిఘంటువులవరకు అన్నీ ఒప్పుకుంటున్నాయి. ఇందులో మనం గొప్పకోసం లాక్కొన్నది ఏమీ లేదు. ఈస్టిండియా కంపెనీవారు 1611లోనే మచిలీపట్నంలో దిగి సరుకుల కొట్లు పెట్టారు. కొట్టు వున్నచోట పందికొక్కు వుండకపోతుందా? మన ధాన్యం గాదెలను తొలిచే ఆ పెద్ద ఎలుక, వాళ్ళ కొట్లనూ తొలిచివుంటుంది. కొక్కు అంటే పెద్ద ఎలుక. తరిమితే పందిలా గుర్రుమంటుంది గనుక పందికొక్కు. దేవగిరి కోట చెరసాలలో పిల్లులే భయపడి పారిపోయేటంత పెద్ద ఎలుకలు వుండేవని 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బటూటా చెప్పినది ఈ జాతిని గురించే కావచ్చునని హాబ్సన్ జాబ్సన్ కర్తలు దాన్ని ఈ మాటకిందనే చేర్చారు.

ఇక ఆ మాట సముద్రం దాటడం ఎంతసేపు? తొలినాళ్ళలో సిడ్నీ వలసకు ఆకలి తీర్చింది చాలావరకు ఇండియానే. 1792లో ‘అట్లాంటిక్’ అనే ఓడ కలకత్తానుంచి బియ్యమూ, సూజీ రవ్వా, పప్పూ తెచ్చింది. మనం డబ్బాల్లో పోసుకునే ఈ సరుకులే ఆనాడు ఖైదీలకూ, సిపాయిలకూ రేషను. ఇండియాలో కొలువుచేసి వచ్చిన నావికులూ, అధికారులూ ఇక్కడ నేల తవ్వుకునే, మూతి పొడుగాటి జంతువును చూశారు. వాళ్ళ నోట వెంటనే వచ్చిన మాట బాండికూట్. 18వ శతాబ్దం ముగిసేసరికే ఆ పేరు ఇక్కడ స్థిరపడింది.

కాని ఈ జంతువు ఎలుక కానే కాదు. కంగారూవలె సంచి జంతువు. సంచి మూతి వెనక్కు తిరిగి వుంటుంది, తవ్వేటప్పుడు మట్టి పిల్లలమీద పడకుండా. గర్భం పన్నెండు రోజుల చిల్లరే. ధాన్యం జోలికి పోదు; పురుగులూ, వానపాములూ, నేలలోని బూజుగడ్డలూ దీని ఆహారం. పేరు పెట్టినవారికి పేరులోని అర్థం తెలియకపోవడంవల్ల తర్వాత ఇంకా చిత్రాలు జరిగాయి. ఒక జాతి పాదాలు పందిగిట్టల్లాగ వున్నాయని దానికి ‘పిగ్ ఫుటెడ్ బాండికూట్’ అని పేరు పెట్టారు. తెలుగులో చెప్పుకుంటే పందికాళ్ళ పందికొక్కు! బిల్బీని ‘రాబిట్ బాండికూట్’ అన్నారు. అనగా కుందేటి పందికొక్కు. అసలు మన పందికొక్కును ఇంగ్లీషులో ‘బాండికూట్ రాట్’ అంటున్నారు, పందికొక్కు ఎలుక! గేటు ద్వారం, నడిసెంటరు అనే మనవాళ్ళకు వాళ్ళను నవ్వే హక్కు లేదనుకోండి.

ఇక వాడుకభాషలో బాండికూట్ ఏమయిందో చూడండి. కాలిపోయిన గుట్టమీద బాండికూట్ అంటే దిక్కులేని ఒంటరివాడు. బాండికూట్ అంత బీద అన్నారు, బాండికూట్ అంత దీనం అన్నారు. 19వ శతాబ్దం చివరికి ఈ మాట క్రియాపదం కూడా అయింది. బంగాళాదుంపల చేలో రాత్రిపూట దూరి, మొక్కను పీకకుండా, పక్కనుంచి మట్టిలో చెయ్యి పెట్టి దుంపలు మాత్రం తీసుకుని, మట్టి మళ్ళీ సర్దిపోవడాన్ని ‘బాండికూట్ చేయడం’ అన్నారు. తెల్లవారి రైతు వచ్చి చూస్తే పైన పచ్చగా చేను వుంటుంది. కింద ఏమీ వుండదు. పని వెతుక్కుంటూ మూట భుజాన వేసుకుని తిరిగే ఆకలిమనుషులు చేసిన పని ఇది. కొందరు పెరటిరైతులు తమ సొంత మడిలోనే కూరకు కావలసిన నాలుగు దుంపలు ముందుగా ఇలా తీసుకోవడాన్నీ ఈ మాటతోనే చెబుతారు.

మనం ‘గాదెకింది పందికొక్కు’ అంటాం. పైకి గాదె నిండుగానే కనిపిస్తుంది, కింద బొక్కపడి లోపలంతా ఖాళీ. సర్కారు సొమ్ము మెక్కేవాళ్ళను పందికొక్కులు అనడం మన పత్రికలకూ, సభలకూ అలవాటే. చూడండి, ఇద్దరిదీ ఒకే ఉపమానం: పైన పచ్చగా, కింద బోలుగా. ఇక్కడివారికి మన సామెత ఎవరూ చెప్పలేదు. జంతువు వేరు, దేశం వేరు, పంట వేరు. పోలిక మాత్రం అదే కుదిరింది. తేడా ఒక్కటే. మన పందికొక్కు తిని బలిసినవాడు. ఇక్కడి బాండికూట్ తిండిలేక తవ్వుకునేవాడు. మన పల్లెల్లోనూ ఆ రెండోవాడు లేకపోలేదు. కోస్తాజిల్లాల్లో యానాదులు పొలాల్లో ఎలుకలు పట్టి, వాటి కలుగులు తవ్వి, అవి దాచుకున్న వడ్లు తెచ్చుకుని తినేవారు. పందికొక్కునుంచి గింజ లాక్కోవలసిన మనిషిని గురించి సామెత పుట్టలేదు.

మాట ఇంత సులువుగా వచ్చి కాపురం పెట్టింది గాని, మాట తాలూకు మనుషులకు ఆ భాగ్యం లేకపోయింది. 1901లో వచ్చిన వలస నిరోధక చట్టం ప్రకారం, దిగినవాడు ఏదో ఒక యూరోపియన్ భాషలో, అధికారి చదివే 50 మాటల పాఠం విని రాయాలి. భాష ఎంపిక అధికారిదే. పరీక్ష భాషకు కాదు, రంగుకు. వద్దనుకున్నవాణ్ణి ఎలాగైనా తప్పించవచ్చు. 1934లో అనేక భాషలు తెలిసిన ప్రేగ్ రచయిత ఎగోన్ కిష్‌కు ఆయన రాజకీయాలు నచ్చక స్కాట్లండ్ గేలిక్‌లో పరీక్ష పెట్టారు. అది చట్టం చెప్పిన యూరోపియన్ భాష కాదని హైకోర్టు తీర్పు చెప్పవలసివచ్చింది! 1958దాకా ఆ పరీక్ష వున్నది; వర్ణవివక్ష విధానం 1973లో పూర్తిగా పోయింది. అంటే ఈ దేశపు దుంపల చేలలోనూ, పాఠశాలల ప్రకృతిపాఠాల్లోనూ తెలుగు మాట నిత్యం వాడుకలో వున్న అన్ని సంవత్సరాలూ తెలుగువాడికి తలుపు మూసేవున్నది. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 59 వేలమంది అని తేలింది. మాట తర్వాత మనుషులు రావడానికి దాదాపు రెండువందల ఏళ్ళు పట్టింది.

ఇందులో మనం చేయవలసిన పని ఒకటి వుంది. సిడ్నీ ఉత్తర శివార్లలో తోటలున్న ఇళ్ళలో, పొద్దున్నే గడ్డిలో గరాటు ఆకారపు చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. అది బాండికూట్ పని. తెలుగు తెలిసినవాడికి ఆ పేరు వినగానే ఎలుకల మందు గుర్తుకు రావడం సహజం. ఇంగ్లీషువాడు పేరు పెట్టి చేసిన పొరపాటును, మనం పేరు అర్థం తెలిసి మళ్ళీ చేయడం అవుతుంది. ఇది దేశవాళీ జంతువు, చట్టం దీన్ని కాపాడుతున్నది. గడ్డివేళ్ళు తినే పురుగులను ఏరుతుంది. ఆ గుంటలు కాలితో పూడ్చితే చాలు, మందు పెట్టవద్దు.

ఎందుకంటే వీటిలో కొన్ని జాతులు ఇక లేవు. ఆ పందికాళ్ళ పందికొక్కు ఆఖరి నమూనా దొరికింది 1901లో, పై చట్టం వచ్చిన సంవత్సరంలోనే. విక్టోరియాలో చారల బాండికూట్‌ను నక్కలూ, పిల్లులూ దాదాపు తుడిచిపెట్టాయి. కంచెలు కట్టి, నక్కలు లేని దీవుల్లో వదిలి పెంచగా, 2021లో దాన్ని అడవిలో అంతరించిన జాతుల జాబితానుంచి తీసి ప్రమాదంలో వున్న జాతుల్లో చేర్చారు.

మన మాట ఇక్కడ స్థిరపడటంవల్ల మరుగున పడిన స్థానిక పేర్లు ఎన్నో వుంటాయి. పెర్త్ చుట్టుపక్కల మాత్రం నుంగార్ ప్రజల మాట నిలిచింది. తమ పెరళ్ళలో తిరిగే జాతిని అక్కడివారు నేటికీ ‘క్వెండా’ అనే పిలుస్తారు.