చర్మపు వాకిలి

రంపచోడవరమునుండి మారేడుమిల్లి వైపు ఎక్కు కొండదారులలో బరువులు మోయువారికి భుజముల నొప్పి క్రొత్తది కాదు. ఇల్లు చేరిన పిమ్మట నొప్పియున్న చోట ఘాటైన లేపనమేదైన రుద్దుకొనుట మన్యమునను, మైదానమునను వాడుకయే. రుద్దినంతనే చల్లదనము, ముక్కునకు కర్పూరపు వాసన. ఆ వాసనకును, ఉపశమనమునకును గల సంబంధమేమి?

ఇట్టి లేపనమును తెలుగువారికి ఇంటివస్తువుగా చేసినది అమృతాంజనము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో దానిని ప్రారంభించిరి. ఆ వ్యాపారమున గడించిన ధనమే 1908లో ఆంధ్రపత్రికకు ఆధారమైనది. కర్పూరము, పిప్పరమెంటు పువ్వు, నీలగిరి తైలము వంటివి ఇట్టి లేపనములకు ప్రాణము. చల్లదనము చర్మమందలి నాడులకు కలుగు అనుభూతి మాత్రమే. తైలములు చేయు మరియొక పని చాలకాలమునకు గాని స్పష్టపడలేదు.

మన చర్మపు పైపొర తలవెండ్రుక కంటెను పలుచన. అందు మృతకణములు ఇటుకలవలెను, వాని నడుమ క్రొవ్వు సున్నమువలెను అమరియుండును. మందులను అడ్డగించునది ఈ గోడయే. సుగంధ తైలములు ఆ క్రొవ్వులో కలసి దాని బిగువును సడలించును. వెంటనున్న మందు ఆ సందులగుండ లోనికి చేరును. 1989లో ఇంగ్లండునందలి బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున విలియమ్స్, బారీ అను శాస్త్రజ్ఞులు మానవచర్మముపై దీనిని పరీక్షించిరి. నీలగిరి తైలము ఒక క్యాన్సరు మందు ప్రవేశమును సుమారు 30 రెట్లు హెచ్చించినది. సోపువాసన గల ఆనిసు తైలమో, అంతగా పనిచేయలేదు. కనుక వాసనగల ప్రతి తైలమును ఈ తలుపునకు తాళపుచెవి కాదు.

అయితే తెరచిన వాకిలి మేలుకీడుల నెరుగదు. మందు వచ్చిన దారినే మితిమీరిన మోతాదును రాగలదు. పసిబిడ్డల చర్మము పలుచన. కర్పూరము హెచ్చుగా ఒంట బట్టిన మూర్ఛలు రావచ్చును. కావున పసివారి ముక్కునొద్ద గాని ఎదపై గాని ఇట్టివి పూయరాదు. పెద్దలైనను పుండుపై, గాయముపై రుద్దరాదు. రుద్దినచోట బిగువుగా కట్టుకట్టి కాపడము పెట్టరాదు.

ఆసుపత్రికై కొండ దిగిరావలసిన పల్లెలలో ఈ జాగ్రత్త మరింత అవసరము. నొప్పిపై రుద్దు చేతికి జాలితోపాటు కొలతయు తెలియవలెను.